వేషమునకు పేరు

మనుష్యునకు పేరు పెట్టుట సులభమైన పనియని యెల్లరును దలంతురు. పెద్దలు కూడి పళ్ళెములోని బియ్యముపై వ్రాసి, చెవిలో ముమ్మారు పలికినచో నామకరణ మైపోవును. ఆ పేరు వలన మనుష్యునకు గొప్ప బాధ లేదు. సుబ్బయ్య యని పిలువబడినవాడు సుబ్బయ్యగనే యుండి తాను గోరిన పని చేసికొనవచ్చును. కాని లోకము పెట్టెడి రెండవ పేరొకటి గలదు. వాడేమి చేయువాడో, యేమి చేయదగినవాడో, యేమి చేయరానివాడో చెప్పెడి పేరది. దానికి బియ్యమును లేదు, పురోహితుడును లేడు. మనము నోటితో అనినంతనే యది యెదుటివాని కంటుకొనును. ఈ రెండవ పేరును గుఱించి మమ్మాలోచింప జేసినది యే ధర్మగ్రంథమును గాదు, పిల్లల యాట.

గడచిన వేసవి సెలవులలో అమెరికానుండి వచ్చిన మా మనుమడును మనుమరాలును ఒక యాటను వెంట దెచ్చిరి. ఇరుగుపొరుగు పిల్లలు నలుగురైదుగురు వారితో గూడిరి. ఇది బల్లచుట్టును గూర్చుండి యాడెడి యాట. చదరంగమునకును వీధినాటకమునకును నడుమ నుండును. ఒకరు కథ చెప్పుదురు. తక్కినవారు కథలోని పాత్రలై, తలుపు తెఱచితినని యొకరు, దీపము వెలిగించితినని యొకరు, తమ చేష్టలను మాటలతోనే నడపుదురు. ఫలితము సందేహమైనచోట పాచికలు తీర్పు చెప్పును. ఆ పాచికలలో ఇరువది ముఖములు గలదియు నొకటి యున్నది. రంగస్థలము లేదు, దుస్తులు లేవు. కాగితము, పెన్సిలు, ఊహ యున్న జాలును. ఆరంభమున ప్రతివారును తమ పాత్రకు ఒక వృత్తిని ఎన్నుకొనవలెను. ఇంగ్లీషున దానిని క్లాసు అందురు. పొరుగు పిల్లలకొఱకు ఈ క్లాసుల పేరులను తెనుగు చేసి యిమ్మని మా మనుమరాలు మమ్ము గోరినది. పావుగంట పనియని యొప్పుకొంటిమి. మూడు వారములు పట్టినది. అందు మేమొక తప్పును గూడ జేసితిమి. ఆ తప్పును చదువరుల యెదుట బెట్టుటయే యీ వ్యాసమున మా యుద్దేశము.

ముందుగా ఆ యాట చరిత్రమును తెలిసికొంటిమి. దాని పేరు డంజన్స్ అండ్ డ్రాగన్స్. గారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అను నిరువురు దాని కర్తలు. 1974లో అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రమందలి లేక్ జెనీవా యను చిన్న పట్టణమునుండి మూడు పొత్తములుగా, వేయి ప్రతులతో, అది వెలువడినది. అప్పుడు వృత్తులు మూడే: ఫైటింగ్ మాన్, అనగా పోరాడు మగవాడు; మేజిక్ యూజర్, అనగా మంత్రము నుపయోగించువాడు; క్లెరిక్, అనగా మతాచార్యుడు. మెట్టు మెట్టునకును బిరుదములు గలవు. మతాచార్యుడు ఆఱవ మెట్టున క్రైస్తవుల బిషప్పై, ఏడవ మెట్టున టిబెట్టువారి లామా యగును. నిన్నటి బిషప్పు నేడు లామా యగుట కే దీక్ష పుచ్చుకొనెనో పుస్తకము చెప్పలేదు. చేతికందిన మాట నెల్ల వారు గ్రహించినట్లున్నది. మేము దానిని దోషమని యెంచము. ఆటకు పేరు పెట్టువాడు తొందరలో నుండును. కాని తొందరలో పెట్టిన పేరే పెక్కుసారులు నిలిచిపోవును. నిలిచిన పేరు నడవడిని దిద్దును.

మొదటి పేరునే చూడుడు. పోరాడువాడు మగవాడని పేరులోనే యున్నప్పుడు, ఆడపిల్ల ఆ వేషము వేయవచ్చునా యను ప్రశ్న ఆట మొదలు గాకముందే పుట్టును. ఇంగ్లీషు మాటకు మనుష్యుడను నర్థమును గలదు గదా యని కొందఱు సమాధానము చెప్పుదురు. ఆ సమాధానమునకు ఆటయే బలము లేకుండ జేసినది. 1978 నాటి పుస్తకమున ఆ పేరు ఫైటర్ అని మాఱి, మగవాడు పేరునుండి తొలగెను. కాని యా పుస్తకమే స్త్రీపాత్రల బలమునకు పురుషపాత్రలకంటె తక్కువ హద్దును విధించెను. నిప్పులు గ్రక్కు డ్రాగనులును మాటలాడు ఖడ్గములును నమ్మదగినవేనట. ఆడుదాని భుజబలము మాత్రము నమ్మరానిదట! 1989 నాటి కూర్పున ఆ హద్దును తీసివేసిరి. పేరు మాఱినంతనే బుద్ధి మాఱదని దీనివలన దెలియుచున్నది. అయినను పేరు ముందు మాఱనిచో, బుద్ధి మాఱవలసిన యవసరమే యెవరికిని దోపదు.

మనకు మఱింత దగ్గఱగా దగులు సంగతి యింకొకటి గలదు. ఆ యాటలో మనుష్యులే గాక, పొట్టివారగు డ్వార్ఫులు, సన్ననివారగు ఎల్ఫులు మున్నగు కల్పిత జాతులును గలవు. 1981లో క్రొత్తగా నేర్చుకొనువారికై వెలువడిన పుస్తకమున, మనుష్యుడు నాలుగు వృత్తులలో తనకు నచ్చినదానిని ఎన్నుకొనును. డ్వార్ఫునకు ఎన్నిక లేదు. అతని వృత్తి యేది? డ్వార్ఫు. ఎల్ఫు వృత్తి యేది? ఎల్ఫు. పుట్టుకయే పని! 1978 నాటి పెద్ద పుస్తకమున ఎన్నిక కొంత గలదు గాని, డ్వార్ఫు ఎంతటి బలశాలి యైనను యుద్ధవిద్యలో తొమ్మిదవ మెట్టు దాటరాదు. మంత్రవిద్య వానికి నిషిద్ధము. మనుష్యునకు జాతివలన నే హద్దును లేదు. డ్వార్ఫునకును ఎల్ఫునకును హద్దులేని వృత్తి యొక్కటియే గలదు. అది దొంగతనము.

వీరు మన వర్ణవ్యవస్థను జూచి దీనిని వ్రాసిరని మేమనము. ఆటలో మనుష్యులకు ప్రాధాన్యము నిలుపుటకై పెట్టుకొన్న నియమమని కర్తయే చెప్పియున్నాడు. కాని ప్రాధాన్యము నిలుపుకొనవలెనను కోరిక కలిగినప్పుడు మనుష్యబుద్ధి యే దేశమున నైనను నొకే త్రోవ పట్టుట వింత గాదా? ఒకరికి అన్ని తలుపులు. ఒకరికి ఒక తలుపు. ఆ యొక తలుపును దొంగదారి! 2000 సంవత్సరపు కూర్పున ఈ హద్దులన్నియు గొట్టివేయబడినవి. ఏ పుట్టుకవారైనను ఏ వృత్తి నైనను ఎంతవఱకైనను సాగింపవచ్చునని వ్రాసిరి. 2024 నాటి కూర్పున జాతి యను నర్థముగల రేస్ అను మాటను గూడ విడిచి వేఱొక మాట గ్రహించిరి. తలుపులు తెఱచినందున ఆట చెడలేదు. కట్టు విడిచిన లోకము పాడగునని భయపడువారు ఈ చిన్న దృష్టాంతమునైనను తలపోయుదురు గాక.

ఇక దొంగమాట. ఈ వృత్తి 1975లో ఆటకు జేర్చబడినది. దొంగ చేయు పనులేవి? తాళములు తీయుట, ఉచ్చులను గనిపెట్టుట, చప్పుడు లేక నడచుట, నిలువుగోడ లెక్కుట. ఇవి యన్నియు నేర్పులు. పేరు మాత్రము నేరము. మా బల్లయొద్దనే దీని ఫలమును జూచితిమి. ఆ వేషము వేసిన బాలుడు మొదటి గంటలోనే తన చెలికాని పాత్రయొక్క సంచిలో చేయి పెట్టెను. ఏల చేసితివని యడిగిన, “నేను దొంగను గదా!” యనెను. వాడు స్వభావముచేత బలపము ముక్కయైనను ముట్టనివాడు. పేరు చెప్పినట్లు నడచుకొనెను, అంతియే.

2000 సంవత్సరపు కూర్పులో ఆ పేరును రోగ్ అని మార్చిరి. మెచ్చుకొనబోయి, ఆ మాట చరిత్రమును గూడ వెదకితిమి. ఇంగ్లండు దేశమున 1572లో చేసిన చట్టమొకటి ఇల్లును యజమానియు లేక తిరుగువారిని ఆ పేరుతో పిలిచి, కొరడాలతో గొట్టి, కుడిచెవిని కాలిన యినుముతో తూటు పొడువుమని శాసించెను. ప్రభువుల యాశ్రయము లేని నటులును గాయకులును ఆ పట్టికలో జేరిరి. 1989 నాటి ఆటపుస్తకమున దొంగను, బార్డు అను గాయకుని, రోగ్ అను నొకే శీర్షిక క్రింద గూర్చుండబెట్టియున్నారు. ఎవరును దలపెట్టకయే నాలుగు వందల యేండ్లనాటి దండశాసనపు నీడ పిల్లల బల్లమీద బడినది. ఒక పాత పేరును దోమి తుడిచి క్రొత్తదని వాడుకొన్న మాత్రమున అది శుద్ధి కాదు.

అట్లే బార్బేరియన్ అను వృత్తి. గ్రీకులు తమకు దెలియని భాష మాటలాడువారిని, వారి మాటలు ‘బర్ బర్’ మని వినబడుచున్నవని, ఆ పేరుతో పిలిచిరి. మన సంస్కృతమునను బర్బరుడను మాట యుండనే యున్నది. మాకు మీ మాట దెలియదని చెప్పుటకు బదులు, మీకు మాటయే రాదని చెప్పుట! అసాసిన్ అను పేరును అట్టిదే. మధ్యయుగమున పశ్చిమాసియాలోని నిజారీ ఇస్మాయిలీలకు వారి శత్రువులు పెట్టిన యెగతాళి పేరది. ఆ శాఖవారు నేడు ఆగాఖాను ననుసరించి పాఠశాలలు, వైద్యశాలలు నడుపుచుండగా, ఆ పేరు యూరపు భాషలలో హంతకుడను నర్థమున స్థిరపడినది. శత్రువు పెట్టిన పేరునకు ఆయువు మెండు.

ఇన్ని దోషము లెన్నితిమి గదా, మంచి మార్గము చూపినవారే లేరా యందురేమో. 1986లో ఇంగ్లండున వెలువడిన వార్‌హామర్ అను నిట్టి యాటయే యొకటి గలదు. అందు మహావీరులకు బదులు ఎలుకలు పట్టువాడు మొదలైన సామాన్యుల పనులు వృత్తులు. ఎలుకలు పట్టువానికి ఆస్తిగా నొక చిన్న కోపిష్ఠి కుక్క నిత్తురు. మమ్మాకర్షించిన సంగతి యది గాదు. ప్రతి వృత్తి క్రిందను, దీనినుండి ఏయే వృత్తులలోనికి బోవచ్చునో వ్రాసియుందురు. వృత్తి యనగా నుండు చోటు మాత్రమే గాదు, వెడలు ద్వారము గూడ. పేరుతోపాటు ద్వారమును జూపిన యా పద్ధతి మాకు ధర్మసమ్మతముగ దోచినది.

ఈ విద్యతో మేము తెనుగు పేరులకు బూనితిమి. క్లాసు అను మాటకే మొదట చిక్కు వచ్చినది. పిల్లలలో నొకడు వర్ణము అనెను. వినుటకు గంభీరముగ నున్నదట. దానిని ద్రోసిపుచ్చి మేము వృత్తి యంటిమి. కాని వృత్తి యనునదియు మన దేశమున నిర్దోషమైన మాట గాదు. కుమ్మరి, కమ్మరి, చాకలి, మంగలి యను పేరులన్నియు నొకప్పుడు చేతిపనిని జెప్పినవే. నేడు చక్రము ముట్టక కంప్యూటరు ముందు కూర్చుండి జీవించువాడును కుమ్మరియే. పని పోయినది, పేరు పోలేదు. రజకులు, నాయీబ్రాహ్మణులు అని గౌరవమైన పేరులను వారు ధరించినను, పెండ్లి సంబంధము మాటలాడునప్పుడు మన చెవి యా క్రొత్త పేరులో పాతదానినే వినుచున్నది. పనిని జెప్పు పేరు మంచిదే. అది తండ్రినుండి కొడుకునకు దిగినప్పుడు సంకెల యగును.

పోరాడువానికి పేరు మాత్రము మన భాషయే సిద్ధముగ నుంచినది. పూర్వకవులు వీరుని పోటుమగడనియు, పోటుమానిసి యనియు వాడిరి. మానిసి యనగా మనుష్యమాత్రము. స్త్రీయు నగును, పురుషుడు నగును. రెండవదానిని గైకొంటిమి. ఇంగ్లీషువారు మొదట దడబడినచోట తెనుగు తడబడలేదని కొంత గర్వించితిమి.

ఆ గర్వము మంత్రమువానియొద్ద అణగినది. మంత్రగాడనిన పిల్లలు నవ్విరి; మా మనుమరాలి పాత్రకు మంత్రగత్తె యనిన మా యింట వంట చేయునామె కుంపటియొద్దనుండి లేచి వచ్చి, “ఆడపిల్లను ఆ మాట అనకండి బాబూ” యని మందలించినది. ఆమెది తెలంగాణపు పల్లె. అక్కడ బాణామతి చేసినదని యనుమానించి దిక్కులేని స్త్రీలను గొట్టుటయు చంపుటయు ఎఱిగినదే. మగవానికి కొంత భయమును కొంత గౌరవమును దెచ్చు విద్య ఆడుదానికి మృత్యువును దెచ్చుచున్నది. ఒకే ధాతువు, రెండు ప్రత్యయములు. వానికి నమస్కారము, ఆమెకు రాళ్ళు. ఆ మాటను విడిచి మంత్రవేత్త యంటిమి. అది యిరువురకును సమానము.

ఇక మా తప్పు. దొంగకు తెనుగు పేరేమని యడిగినప్పుడు పిల్లలలో నొకడు “స్టూవర్టుపురం వాడు” అని కేక వేసెను. అందఱును నవ్విరి. మేమును నవ్వితిమి. బల్ల చివర గూర్చున్న బాలుడొకడు మాత్రము నవ్వక, పాచికలను మెల్లగ బల్లపై నుంచి, పని యున్నదని చెప్పి లేచిపోయెను. వాని తాతగారి యూరు అదియే యని తరువాత దెలిసినది.

ఆ యూరు కథ చదువరు లెఱిగినదే. 1871లో బ్రిటిషు ప్రభుత్వము కొన్ని కులములవారిని పుట్టుకచేతనే నేరస్థులని నిర్ణయించు చట్టము చేసెను. 1911 నాటి చట్టముతో అది మద్రాసు రాజధానికిని వ్యాపించెను. బాపట్ల ప్రాంతమున ఎఱుకలవారి కుటుంబములను దెచ్చి యుంచిన సెటిల్‌మెంటే స్టూవర్టుపురము. ఎఱుక చెప్పువారి పేరు దాల్చిన జనులకు దొంగలని శాసనము పేరు పెట్టినది. తొట్టెలోని శిశువునకు సైతము ఆ పేరే. 1952లో చట్టము రద్దయినది. చట్టము వ్రాసినవారు పోయిరి. దానిని నడపిన యుద్యోగులు పోయిరి. నాటక మాడునట్లు మన నాలుకలు మాత్రము దానిని నేటికిని నడపుచున్నవి. ఆనాడు మా బల్లయొద్ద నడపినది మేమే.

మఱునాడు మేమా బాలుని యింటికి బోయితిమి. వాని తల్లి మంచినీళ్ళిచ్చి, పిల్లల మాటలు పట్టించుకొనవలదనినది. పిల్లల మాటలు గావనియు, నవ్వినవారిలో పెద్దవారమును మేముంటిమనియు జెప్పి, క్షమింపుమని వాని నడిగితిమి. వాడు కొంతసేపు గోడవంక జూచి, “తాతగారూ, దొంగ వేషం వెయ్యమంటే వేస్తాను, నాకేం బాధ లేదు. దానికి మా ఊరి పేరు పెట్టకండి” అనెను. మూడు వారములు పుస్తకములు దిరుగవేసి మేము గ్రహింపజూచిన ధర్మము వాడొక్క మాటలో జెప్పెను. వేషము తాను కోరి వేసికొన్నది. ఊరు తాను కోరి పుట్టినది గాదు.

ఆటకింత విచారమేల యని కొందఱు నవ్వవచ్చును. నాటకమున దుశ్శాసనుడు లేడా, వానికి మృదువైన పేరు పెట్టుదురా యని యడుగవచ్చును. దుష్టపాత్రలుండరాదని మేమనము; దొంగ పాత్రయు నుండవచ్చును, దొంగ యను పేరును నుండవచ్చును. దుశ్శాసనుని వేషము వేసినవాడు తెల్లవారుజామున ముఖమునకు నూనె రాచి, రంగు కడిగికొని, తన పేరుతో తన యింటికి బోవును. కడుగుటకు వీలులేని రంగును గుఱించియే మా యభ్యంతరము. ఒకని పుట్టుకను, ఊరిని, ఆడుతనమును దీసికొని వేషమునకు పేరుగ బెట్టినచో, ఆట ముగిసిన పిమ్మట తక్కినవారందఱు వేషము విడుతురు, వాడొక్కడు విడువలేడు.

తుద కా వృత్తికి నేర్పరి యను పేరు నిర్ణయమైనది. చేయు పనిని జెప్పును, ఎవరికైనను దగును, ఎవరిని నొవ్వజేయదు. పేరు మాఱిన పిమ్మటి యాటలో సంచులలో చేతులు పెట్టుట కొంత తగ్గినదిగాని బొత్తిగ మానలేదు. పేరులు సర్వమును జేయునని మేము చెప్పబోము. ఆ బాలుడు మఱుసటి ఆదివారము వచ్చి పోటుమానిసి వేషమును గోరుకొనెను. ఆ పై వారము నేర్పరి యయ్యెను.

చదువరులారా, మీ యింటను నిట్టి యాటలు లేకపోవచ్చును. కాని పనివారిని, పొరుగువారిని, పరీక్ష తప్పిన కొడుకును, విధవయైన చెల్లెలిని, మనము దినమునకు బదిసారులు రెండవ పేరుతో బిలుచుచునే యున్నాము. పిలుచుటకు ముందు ఒక్క క్షణమాగి, ఈ పేరు వారు కోరి తొడిగికొన్నదా, రేపు దీనిని విడిచి వేఱొకటి తొడిగికొనుటకు మనము చోటిత్తుమా యని విచారింపుడు. ఇయ్యలేనిచో, ఆ పేరు మీ నోటనే నిలిచిపోవుట మేలు.